తూటా లేని తుపాకి మీట నొక్కవచ్చునా?

సికింద్రాబాదు పుట్టుకతోనే దండు విడిసిన ఊరు. నిజాం సికందర్ జా పేరిట 1806లో ఏర్పడిన ఈ పట్టణంలో తిరుమలగిరి, బొల్లారం ప్రాంతాలు నేటికీ సైనిక స్థావరాలే. సైన్యపు ఆయుధాలను, వాహనాలను, యంత్రాలను బాగుచేసే శాఖ తన కళాశాలను ఇక్కడే నడుపుతున్నది. ఉభయ తెలుగు రాష్ట్రాల ఎన్.సి.సి. డైరెక్టరేటు కూడా ఇక్కడనే ఉన్నది. ఇటువంటి ఊరిలో చదువుకొనే విద్యార్థులకు తుపాకి కథల్లోని వస్తువు కాదు. ఎన్.సి.సి.లో చేరిన యువతీ యువకులు ఏదో ఒకనాడు దానిని చేత పట్టవలసినవారే.

అలా చేత పట్టినవారిలో సర్వసాధారణంగా వినవచ్చే ప్రశ్న ఒకటి ఉన్నది. తూటా లేకుండా మీట నొక్కితే తుపాకి చెడిపోతుందా? దీనినే డ్రై ఫైరింగ్ అంటారు. కొందరు "ముట్టుకోకు, పాడవుతుంది" అని గద్దిస్తారు. మరికొందరు "ఇనుముకు ఏమవుతుందిలే" అని టకటకమని పది మార్లు నొక్కి చూపుతారు. ఈ రెండు మాటలలోనూ కొంత నిజం ఉన్నది. పూర్తి నిజం మాత్రం ఏ ఒక్కదానిలోనూ లేదు.

ప్రశ్న చిన్నదిగా తోచవచ్చును. కాని దీని వెనుక రెండు పెద్ద సంగతులు ఉన్నవి. క్యాడెట్ల చేతికి వచ్చే రైఫిలు ప్రభుత్వపు సొత్తు. అది ఏళ్ళ తరబడి ఎన్నో తరగతుల విద్యార్థుల చేతులు మారుతుంది. ఒకరి సరదాకు అది చెడితే నష్టపోయేది తరువాతి ఏడు వచ్చే తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ. ఇక రెండవ సంగతి మరింత గంభీరమైనది. "ఖాళీయే గదా" అన్న నమ్మకంతో మీట నొక్కి ప్రాణాలు తీసినవారూ, పోగొట్టుకొన్నవారూ ప్రపంచంలో అన్ని దేశాలలోనూ ఉన్నారు. కావున ఈ విషయాన్ని మొదటి నుండి విచారించి చూద్దాము.

రోలూ రోకలీ

తుపాకి లోపల జరిగే పని నిజానికి చాలా సులభమైనది. బలమైన స్ప్రింగు ఒకటి వెనుకకు అదిమి పట్టి ఉంచబడుతుంది. దాని ముందు ఉక్కుతో చేసిన సూది వంటి భాగం ఉంటుంది. దీనిని ఫైరింగ్ పిన్ అంటారు. ఇకపై మనము పిన్ను అనే అందాము. మీట నొక్కగానే స్ప్రింగు పట్టు వీడుతుంది. పిన్ను ముందుకు దూకి తూటా అడుగు భాగాన్ని పొడుస్తుంది. అక్కడ ప్రైమరు అనే పేలుడు పదార్థం రవ్వంత ఉంటుంది. దెబ్బ తగలగానే అది భగ్గుమని తూటాలోని మందును అంటిస్తుంది. ఆ మందు నుండి పుట్టిన వాయువుల ఒత్తిడికి గుండు గొట్టం వెంట దూసుకుపోతుంది.

ఇక్కడ గమనింపవలసిన సంగతి ఒకటి ఉన్నది. తూటా అడుగున ఉండే లోహం పిన్నుకంటె మెత్తనిది. పిన్ను తగలగానే అది సొట్టపడుతుంది. ఆ సొట్టపడటంలోనే పిన్ను జోరు చాలావరకు చల్లారుతుంది. అంటే తూటా గుండును పంపటమే కాక, పిన్నుకు మెత్త వలె కూడా ఉపకరిస్తున్నదన్న మాట.

మన ఇళ్ళలో పెద్దవారు ఉత్త రోట్లో రోకలి వేయనిచ్చేవారు కారు. అందులో శకునాల మాట ఎలా ఉన్నా, యంత్రశాస్త్రం మాత్రం తప్పక ఉన్నది. రోట్లో వడ్లు ఉన్నప్పుడు పోటును వడ్లు భరిస్తాయి. వడ్లు లేనప్పుడు రోలును రోకలీ, రోకలిని రోలూ భరించవలసి వస్తుంది. విల్లు సంగతీ ఇంతే. బాణం తొడగకుండా నారిని చెవి దాకా లాగి వదిలితే, బాణంతో పోవలసిన శక్తి వింటిలోనే నిలిచి విల్లు పగలవచ్చును. విలువిద్య నేర్పే ప్రతి గురువూ మొదటి పాఠంలోనే ఈ హెచ్చరిక చేస్తాడు.

కనుక అసలు ప్రశ్న "మీట నొక్కవచ్చునా?" అనేది కాదు. "తూటా లేనప్పుడు పిన్ను దేనిని తాకి ఆగుతుంది?" అనేది. ఈ ఒక్క ప్రశ్నకు సమాధానం తెలిస్తే ఏ తుపాకి ఓర్చుకొంటుందో, ఏది ఓర్చుకోదో మనమే చెప్పగలుగుతాము.

తోలు అతికించిన టోపీ

ఈ చిక్కు కొత్తగా వచ్చినది కాదు. చకుముకిరాతి తుపాకుల కాలంలోనే ఐరోపా సేనలలో కవాతు వేళ రాయికి బదులు చెక్కముక్క బిగించే వాడుక ఉండేది. రాయి ఊరకే అరిగిపోకూడదనీ, అది కొట్టే ఉక్కు పలక దెబ్బతినకూడదనీ ఆ ఏర్పాటు.

ఆ తరువాత 1853 నమూనా ఎన్‌ఫీల్డ్ రైఫిలు వచ్చినది. ఈ పేరు మన చరిత్ర పుస్తకాలలో అందరమూ చదివినదే. 1857లో కొవ్వు పూసిన తూటాలను గురించి సిపాయిలలో రేగిన కలవరం ఈ ఎన్‌ఫీల్డు తూటాలను గురించినదే. ఆ ఏడాది జులై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్‌ల నాయకత్వాన హైదరాబాదు రెసిడెన్సీపై దాడి జరిగినది కూడా ఆ మహా సంచలనంలోని భాగమే.

ఎన్‌ఫీల్డు తుపాకిలో మందునూ గుండునూ గొట్టం మూతి నుండి కూరేవారు. వెనుక భాగాన చిన్న ఉక్కు మొన ఒకటి ఉండేది. దానిపై రాగి టోపీ వంటి ప్రైమరును తొడిగేవారు. ఉర్దూలో ఘోడా అని పిలిచే సుత్తి వంటి భాగం వచ్చి ఆ టోపీపై పడేది. కవాతులో సిపాయిలు టోపీ లేకుండానే మీట నొక్కి సాధన చేసేవారు. అప్పుడు ఘోడా నేరుగా ఉక్కు మొనపై పడేది. రోజూ ఇలా జరిగితే మొన అణగిపోయి, యుద్ధ సమయంలో రాగి టోపీ సరిగా కూర్చోదు. అందుకని తోలు అతికించిన చిన్న ఇత్తడి మూత ఒకటి తయారుచేసి, అది పోకుండా సన్నని గొలుసుతో తుపాకికే కట్టి ఉంచారు. దాని పేరు స్నాప్ క్యాప్. నేడు సాధన కొరకు ఛాంబరులో పెట్టే ఉత్తుత్తి తూటాలను కూడా అదే పేరుతో పిలుస్తున్నారు.

ఈ కథలోని సారాంశం స్పష్టమైనది. సైన్యం సాధనను మానుకోలేదు, ఆయుధాన్ని చెడనీయలేదు. రెంటికీ మధ్య ఒక తోలు ముక్కను ఉంచినది.

త్రీ నాట్ త్రీ

మన దేశంలో రైఫిలు అనగానే పెద్దలకు స్ఫురించే పేరు త్రీ నాట్ త్రీ. గొట్టం లోపలి వ్యాసం 0.303 అంగుళం, అంటే 7.7 మిల్లీమీటర్లు కావటం చేత దానికి ఆ పేరు వచ్చినది. ఇది లీ-ఎన్‌ఫీల్డ్ జాతి రైఫిలు. బెంగాలులోని ఈషాపూర్ కర్మాగారంలో ఇవి తయారైనవి. దశాబ్దాల పాటు మన పోలీసుల భుజాలపై ఇవే కనిపించేవి. ఎన్.సి.సి. క్యాడెట్లు కూడా వీటితో శిక్షణ పొందారు.

ఈ రైఫిలు తూటాలో ప్రైమరు అడుగు భాగపు నట్టనడుమ ఉంటుంది. ఇటువంటి వాటిని సెంటర్ ఫైర్ తూటాలంటారు. పిన్ను బోల్టు ముఖం నుండి ఒక మిల్లీమీటరు కంటె కొంచెం ఎక్కువగా మాత్రమే బయటకు వస్తుంది. తూటా లేనప్పుడు దాని మొనకు ఎదురుగా ఉండేది ఖాళీ జాగా. మొన దేనినీ తాకదు. పిన్ను ఒంటిపై ఉండే భుజం వంటి దిమ్మ బోల్టు లోపలి గట్టుకు తగిలి ఆగిపోతుంది. ఆ భుజమూ, ఆ గట్టూ రెండూ దెబ్బ ఓర్చేందుకు తగినంత మందంగా ఉంటాయి.

అందుచేతనే 1914కు ముందు ఆంగ్ల సైనికులు ఈ రైఫిలుతో తూటా లేని సాధన విరివిగా చేసేవారు. 300 గజాల దూరంలోని లక్ష్యంపై నిమిషానికి 15 గుళ్ళు గురి తప్పక కాల్చగల నేర్పును వారి నుండి ఆశించేవారు. అంతటి చేతివాటం నిజమైన తూటాలతోనే అలవరచుకోవాలంటే ఖజానాలు చాలవు. బోల్టు లాగటం, మూయటం, మీట నొక్కటం వంటి కదలికలను బారకాసులలో ఉత్త రైఫిలుతోనే వేలసార్లు చేసి, పిదప మైదానానికి వెళ్ళేవారు.

ఈ తరువాత వచ్చిన 7.62 మిల్లీమీటర్ల ఎస్.ఎల్.ఆర్., 5.56 మిల్లీమీటర్ల ఇన్సాస్ రైఫిళ్ళు కూడా సెంటర్ ఫైర్ జాతివే. మంచి స్థితిలో ఉన్న ఇటువంటి సైనిక రైఫిలును శిక్షణలో తూటా లేకుండా నొక్కినంత మాత్రాన చెడదు. అయితే ఉక్కుకు కూడా అలసట ఉన్నది. ఒక తీగను అటూ ఇటూ వంచుతూ పోతే ఒకానొక వంపులో తెగినట్లే, లెక్కలేనన్ని దెబ్బలు తిన్న పిన్ను ఒకనాడు విరగవచ్చును. పిన్నుకు గట్టిదనం కొరకు పదును పెడతారు. ఆ పదును హెచ్చితే పెళుసుదనం కూడా హెచ్చుతుంది. చెకోస్లోవేకియాలో తయారైన 1952 నమూనా సైనిక పిస్తోలు ఇందుకు పేరుపడిన ఉదాహరణ. అది సెంటర్ ఫైర్ అయినప్పటికీ, దాని పిన్ను పెళుసైనది కావటం వలన తూటా లేకుండా నొక్కితే విరుగుతుందని వాడేవారు జాగ్రత్తపడతారు.

పాయింట్ టూ టూ

ఇక మన క్యాడెట్లకు అన్నిటికంటె దగ్గరి చుట్టం పాయింట్ టూ టూ రైఫిలు. ఫైరింగు రేంజిలో 25 గజాల దూరాన కాగితపు లక్ష్యంపై మొదటి గుండు కాల్చేది సాధారణంగా దీనితోనే. చూడటానికి చిన్నది, తక్కువ కుదుపు గలది. అందుచేత దీనికి ఏమీ కాదని పలువురు భావిస్తారు. నిజానికి ఉత్త మీట దెబ్బకు నలిగేది ఇదే.

కారణం దాని తూటాలో ఉన్నది. ఈ తూటాకు నడుమ ప్రైమరు ఉండదు. ఇత్తడి తొడుగు అడుగున చుట్టూ గాజు వలె ఉబ్బిన అంచు ఒకటి ఉంటుంది. పేలుడు పదార్థం ఆ అంచు లోపల ఉంటుంది. అందుకనే దీనిని రిమ్ ఫైర్ అంటారు. పిన్ను వచ్చి ఆ అంచును కొడుతుంది. అంచు వెనుకనే గొట్టపు ఉక్కు దాగలి వలె నిలిచి ఉంటుంది. పిన్నుకూ గొట్టానికీ నడుమ అంచు నలిగి, మందు అంటుకొంటుంది.

ఇప్పుడు తూటాను తీసివేసి చూడండి. పిన్నుకు ఎదురుగా ఉన్నది ఖాళీ జాగా కాదు. ఛాంబరు అంచున ఉన్న ఉక్కు. పిన్ను పొడుగు ఏమాత్రం ఎక్కువైనా నేరుగా దానిపై పడుతుంది. ఉత్త రోట్లో రోకటి పోటు అంటే అక్షరాలా ఇదే. గొట్టపు ఉక్కు సాధారణంగా పిన్నుకంటె మెత్తనిది కనుక సొట్టపడేది గొట్టమే. మొదట కంటికి ఆనని గీత పడుతుంది. నూరు దెబ్బలకు అది గుంట అవుతుంది. గుంటలోని లోహం ఎక్కడికీ పోదు. పక్కకు ఒరిగి, ఛాంబరు లోనికి చిన్న ముల్లు వలె పొడుచుకు వస్తుంది.

ఆ ముల్లు చేసే అల్లరి ఇంతా అంతా కాదు. తూటా లోనికి పోవటం కష్టమవుతుంది. కాల్చిన తరువాత ఖోఖా, అంటే ఖాళీ తొడుగు, బయటకు రాక ఇరుక్కొంటుంది. తూటా అంచు సరిగ్గా గుంట ఉన్న చోట పడినప్పుడు దానికి వెనుక ఆసరా ఉండదు. పిన్ను కొట్టినా అంచు నలగదు, తూటా పేలదు. పోటీలో ఉన్న క్యాడెట్టు గురి బాగుండి కూడా గుండు కాల్చలేక బిక్కమొగం వేయవలసి వస్తుంది. పిన్ను మొన కూడా మొద్దువారుతుంది.

ఈ దెబ్బకు చికిత్స లేకపోలేదు. ఆయుధాలు బాగుచేసే నిపుణులు ఛాంబరు కొలతకు తగిన ఉక్కు కడ్డీని లోనికి దూర్చి, పొడుచుకు వచ్చిన లోహాన్ని యథాస్థానానికి నొక్కుతారు. ఇది ఇంటిలో ఆకురాయితో చేయదగిన పని కాదు. ఆకురాయి పెడితే ఉన్న లోహం కూడా పోయి గొట్టం శాశ్వతంగా చెడుతుంది.

ఇందుకు మినహాయింపు ఒకటి చెప్పవలసి ఉన్నది. ఈ కాలపు పాయింట్ టూ టూ తుపాకులలో కొన్నిటిని పిన్ను గొట్టాన్ని చేరకముందే ఆగేటట్లు రూపొందించారు. అటువంటి వాటిని తూటా లేకుండా నొక్కవచ్చునని తయారీదారులే తమ సూచనల పుస్తకంలో వ్రాస్తారు. వ్రాయని పక్షంలో, ముఖ్యంగా తుపాకి పాతదైతే, నొక్కకుండుటయే మేలు. అనుమానం ఉంటే శిక్షకుని సమక్షంలో దీపం వెలుగున ఛాంబరు అంచును చూస్తే చాలు. పిన్ను పడే చోట గుర్తు ఉన్నదంటే ఆ తుపాకి తన సంగతి తానే చెప్పుకొన్నట్లు.

మరి రేంజిలో కాల్పులు ముగిసిన తరువాత "ఖాలీ కర్" అన్న ఆజ్ఞపై బోల్టు ఆడించి మీట నొక్కమంటారు గదా, అది తప్పా అని కొందరు అడుగుతారు. కాదు. అక్కడ మీట నొక్కటం సరదా కొరకు కాదు, రుజువు కొరకు. పొరపాటున తూటా మిగిలి ఉంటే అది లక్ష్యాల వెనుక ఉన్న మట్టికట్టలో పడుతుంది గాని మనిషికి తగలదు. పైగా స్ప్రింగు కూడా సడలి విశ్రమిస్తుంది. అటువంటి ఒక్క దెబ్బతో ఏ రైఫిలూ చెడదు. చెడగొట్టేది కాలక్షేపానికి నొక్కే వందల దెబ్బలు. ఆజ్ఞపై నొక్కిన ఒక్క మీటకూ, వరుసలో నిలుచుండి తోచక నొక్కిన నూరు మీటలకూ ఉన్న తేడాను క్యాడెట్లు గుర్తించాలి.

జోడు గొట్టాల తుపాకులు, గాలి తుపాకులు

పాత కుటుంబాలలో తాతల నాటి జోడు గొట్టాల తుపాకులు లైసెన్సుతో నేటికీ కొన్ని ఉన్నాయి. ఇవి సెంటర్ ఫైరే అయినా ఉత్త మీటకు తట్టుకోగలవని చెప్పలేము. వాటి పిన్నులు సన్ననివి, పెళుసైనవి. లోపలి స్ప్రింగులు కూడా వయసు మళ్ళినవి. విరిగితే అదే కొలతకు మరొక పిన్ను దొరకటం దుర్లభం. అందుకనే వేటతుపాకులు వాడేవారు ఛాంబరులలో రబ్బరో స్ప్రింగో అమర్చిన ఉత్తుత్తి తూటాలు పెట్టి మీట వదలుతారు. ఎన్‌ఫీల్డు నాటి తోలు ముక్క చేసిన పనినే ఇవి చేస్తాయి.

ఇక్కడ మరొక భేదం ఉన్నది. ఉత్తుత్తి తూటాలన్నీ మెత్త పని చేయవు. త్రీ నాట్ త్రీ డ్రిల్లు తూటాలకు చెక్క గుండు, పక్కల ఎర్రరంగు వేసిన గాడులు ఉండేవి. అవి ముఖ్యంగా తూటాలు నింపటం, తీయటం నేర్పేందుకు ఉద్దేశించినవి. వాటి ఆకారాన్ని చూచి పిన్నుకు రక్షణ ఉన్నదని భ్రమపడరాదు. ప్రైమరు ఉండే చోట మెత్త ఉన్నదా లేదా అన్నదే లెక్క. అలాగే కాల్చిన ఖోఖాను ఛాంబరులో పెట్టి నొక్కే అలవాటు కొందరికి ఉన్నది. అది ఒకటి రెండు దెబ్బలకు మాత్రమే పనికివస్తుంది. నలిగిన చోటనే మళ్ళీ దెబ్బ పడితే అక్కడ మెత్త మిగలదు. ఖోఖాల నడుమ నిజమైన తూటా ఒకటి కలిసిపోయే ప్రమాదం అన్నిటికంటె పెద్దది.

ఏటా నాంపల్లిలో జరిగే నుమాయిష్‌లో బుడగలను కాల్చే దుకాణం చూడనివారు మనలో ఉండరు. అక్కడి తుపాకి సాధారణంగా స్ప్రింగుతో పనిచేసే గాలి తుపాకి. గొట్టాన్ని మడచినప్పుడు లోపల పిస్టను వెనుకకు పోయి స్ప్రింగు బిగుస్తుంది. మీట నొక్కితే పిస్టను గాలిని తోసుకొంటూ ముందుకు ఉరుకుతుంది. ఎదురుగా సీసపు గుళిక అడ్డం ఉన్నంతసేపు గాలి నలిగి పిస్టనుకు దిండు వలె ఆనుతుంది. గుళిక లేకపోతే గాలి సులువుగా బయటకు పోతుంది. ఇక పిస్టను పోయి చివరి గోడకు ఢీకొంటుంది. దాని రబ్బరు వాషరు చిట్లుతుంది, కాలక్రమాన స్ప్రింగు కూడా విరుగుతుంది. కాబట్టి స్ప్రింగు గాలి తుపాకిని గుళిక లేకుండా కాల్చనే కూడదు.

పోటీలలో వాడే ఆధునిక గాలి రైఫిళ్ళ సంగతి వేరు. వాటిలో గాలి ముందే ఒక సీసాలో అధిక ఒత్తిడితో నింపి ఉంటుంది. గాలి విడుదల కాకుండా మీట మాత్రమే పనిచేసేటట్లు ఒక ప్రత్యేకమైన ఏర్పాటు వాటిలో చాలావరకు ఉంటుంది. తయారీదారులు ఖర్చు పెట్టి ఇటువంటి ఏర్పాటు చేశారంటేనే ఉత్త సాధనకు ఎంత విలువ ఉన్నదో మనము ఊహించవచ్చును.

ఉత్త మీటలోని విద్య

గురి తప్పటానికి చాలా సందర్భాలలో కారణం కన్ను కాదు, చూపుడు వేలు. గుండు పేలే చప్పుడునూ, భుజానికి తగిలే కుదుపునూ ముందే ఊహించుకొని శరీరం ముడుచుకొంటుంది. వేలు మీటను మెల్లగా పిండుటకు బదులు గుంజుతుంది. మీట కదిలిన ఆ క్షణంలో మూతి కూడా కదులుతుంది. నిజమైన తూటాతో కాల్చేటప్పుడు కుదుపులో ఈ దోషం మరుగుపడిపోతుంది. తూటా లేనప్పుడు మాత్రం మీట పడిన వేళ గురి ఎటు జరిగినదో స్పష్టంగా కనిపిస్తుంది. గొట్టం కొసన ఒక రూపాయి బిళ్ళ నిలబెట్టి, అది పడకుండా మీట నొక్కమనే పరీక్ష శిక్షకులు పెట్టేది ఇందుకే. ఉత్తుత్తి తూటాలను నిజమైన వాటి నడుమ చెప్పకుండా కలిపి ఇచ్చే పద్ధతి కూడా ఉన్నది. పేలుతుందనుకొన్న తూటా పేలనప్పుడు మూతి క్రిందికి వంగితే, దోషం తుపాకిది కాదని కాల్చేవారికి తెలిసివస్తుంది.

మన జంటనగరాలు ఈ విద్యలో పేరు గడించినవే. 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో కాంస్య పతకం గెలిచిన గగన్ నారంగ్ హైదరాబాదులో పెరిగినవారు. హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ 2018లో 13 ఏళ్ళ వయస్సులోనే 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో జాతీయ విజేత అయినది. హాంగ్‌జౌ నగరంలో 2023లో జరిగిన ఆసియా క్రీడలలో 25 మీటర్ల పిస్టల్ జట్టు పోటీలో స్వర్ణమూ, వ్యక్తిగత పోటీలో రజతమూ సాధించినది. ఈ 25 మీటర్ల పోటీలో వాడేది మనము పైన చెప్పుకొన్న పాయింట్ టూ టూ జాతి తూటాయే. ఈ క్రీడలో పై మెట్టుకు చేరిన వారెవరికైనా గుండు లేని సాధన నిత్యకృత్యం. సంగీతంలో సరళీ స్వరాల వంటిది అది. 2020లో లాక్‌డౌన్ వలన రేంజిలు మూతపడినప్పుడు ఎందరో షూటర్లు ఇంటి గోడ ఎదుట ఈ విధంగానే తమ నేర్పును నిలుపుకొన్నారు.

ఖాళీ అన్న మాట

ఇంతవరకు తుపాకికి కలిగే హానిని గురించి చెప్పుకొన్నాము. విరిగిన పిన్నును మార్చవచ్చును, సొట్టపడిన ఛాంబరును సరిచేయవచ్చును. తూటా లేదనుకొన్న తుపాకిలో తూటా ఉన్నప్పుడు కలిగే హానికి మాత్రం చికిత్స లేదు. చిన్నదని తేలికగా చూచే పాయింట్ టూ టూ గుండు కూడా కిలోమీటరుకు పైగా పోగలదు. ఇంటి తలుపు దానికి అడ్డం కానే కాదు.

ఇటువంటి ప్రమాదాలలో తరచు జరిగే పొరపాటు వరుసకు సంబంధించినది. మాగజీను బిగించిన తుపాకిలో ముందుగా బోల్టు లాగితే ఛాంబరులోని తూటా బయట పడుతుంది. చూచినవారు ఖాళీ అయినదనుకొంటారు. బోల్టును తిరిగి ముందుకు తోయగానే మాగజీను నుండి మరొక తూటా ఛాంబరులోకి చేరుతుంది. ఆ తరువాత మాగజీను తీసివేసినా ఫలితం ఉండదు. కావున ముందు మాగజీను తీయాలి, ఆ పిదప బోల్టు లాగాలి, ఆ పైన ఛాంబరులోకి కన్నుతో చూచి, వీలైతే చిటికెన వేలితో తాకి రూఢి చేసుకోవాలి. ఈ వరుస తలక్రిందులైతే జాగ్రత్తే ప్రమాదంగా మారుతుంది.

ఉత్త సాధన చేసే గదిలో తూటాలు ఉండనే కూడదు. మూతి ఎప్పుడూ గట్టి గోడ వైపే ఉండాలి. మనిషి వైపు, అద్దం వైపు, టెలివిజను వైపు గురిపెట్టరాదు. తుపాకి చేయి మారిన ప్రతిసారీ పరీక్ష మళ్ళీ మొదటి నుండి జరగాలి. ఇచ్చినవారు ఎంతటి అనుభవజ్ఞులైనా పుచ్చుకొన్నవారు తమ కంటితో చూడటం వారిని అవమానించినట్లు కాదు. సాధన ముగిసినదని నోటితో చెప్పి, తుపాకిని వెంటనే దాని స్థానంలో పెట్టివేయాలి. ఎందుకనగా, సాధన ముగించి తిరిగి తూటాలు నింపిన తరువాత "ఇంకొక్కసారి" అని నొక్కిన మీటలే ఎన్నో ఇండ్లలో శోకం నింపినవి. క్యాడెట్ల విషయంలో ఇంతకంటె ముందు చెప్పవలసిన నియమం ఒకటి ఉన్నది. శిక్షకుడు లేనిదే, ఆజ్ఞ రానిదే మీటపై వేలు పడరాదు.

మొత్తం మీద తేలినది ఇది. మంచి స్థితిలో ఉన్న సెంటర్ ఫైర్ సైనిక రైఫిలు ఉత్త మీటను ఓర్చుకొంటుంది. పాయింట్ టూ టూ, తయారీదారు అనుమతిస్తే తప్ప, ఓర్చుకోదు. తాతల నాటి జోడు తుపాకికి మెత్త ఉన్న ఉత్తుత్తి తూటా కావాలి. స్ప్రింగు గాలి తుపాకిని గుళిక లేకుండా కాల్చరాదు. పోటీ గాలి రైఫిలులో అందుకై ఉన్న ఏర్పాటును వాడుకోవాలి. ఈ పట్టికను కంఠస్థం చేయకపోయినా పరవాలేదు. పిన్ను ఎక్కడ ఆగుతుందన్న ప్రశ్న గుర్తుంటే పట్టికను ఎవరికి వారే వ్రాసుకోగలరు.

మన కళాశాల నుండి ఏటా క్యాడెట్లు శిబిరాలకు వెళుతున్నారు. వారు రైఫిలును అప్పగించేటప్పుడు దాని ఛాంబరు అంచు తాము పుచ్చుకొన్ననాడు ఉన్నట్లే నునుపుగా ఉండాలని మా కోరిక. ఖాళీ అన్న మాటను ఎవరి నోటి నుండి విన్నా, తమ కంటితో చూడనిదే నమ్మరాదని అంతకంటె పెద్ద కోరిక.